సుజన టీచరు నడక

తెల్లవారి ఐదున్నరకల్లా సుజన టీచరు కాన్వాస్ బూట్లు వేసుకుని ఉదయగిరి కొండదారి పట్టేది. పది కిలోలు తగ్గకపోతే నలభై ఏళ్లకే మోకాళ్లు పనికిరాకుండా పోతాయని ఆత్మకూరు డాక్టరు చెప్పాడు. అప్పటికి ఆమెకి ముప్పై ఆరు. అది తొంభై నాలుగు జనవరి.

రాత్రి అన్నం మానేసి రాగిసంకటి తినింది. వారపత్రికలో బొమ్మలు చూసి తలుపు పట్టుకుని గుంజిళ్లు తీసింది, చాప మీద వెల్లకిలా పడుకుని కాళ్లు ఎత్తి దించింది.

ఫిబ్రవరిలో బుగ్గలు తగ్గాయి. ఆ వారమే ఎదురింటి జనార్దనయ్య చెంబుడు పాలు తెచ్చి ఇచ్చాడు.

"మా దూడ పుట్టినకాడ్నించి ఎముకల గూడే టీచరమ్మా. మీ బుగ్గల పుణ్యాన లేచి నిలబడి ఉండాది."

ఆ ఊళ్లో అంతే. ఒకరు తగ్గించుకున్న ఒళ్లు ఊరికే పోదు, అవసరమున్న చోటికి చేరుతుంది. అందుకున్నవాళ్లు వచ్చి చెప్పిపోవడం మర్యాద. సుజన "పోనీలే, బతికింది" అని పాలు పొయ్యి మీద పెట్టింది.

మార్చిలో చేతులు సన్నబడ్డాయి. జాకెట్టు బిగువు చేయించడానికి పోతే, దర్జీ రాజమోహన్ టేపు పక్కన పెట్టి తన చొక్కా చేతులు పైకి మడిచి చూపించాడు. టైఫాయిడ్‌తో పుల్లలైన చేతులు నిండుగా ఉన్నాయి.

"కత్తెర పట్టగలగతా ఉండానంటే మీ వల్లే అక్కా" అని ఆ జాకెట్టు అప్పటికప్పుడు కుట్టిచ్చాడు.

తుంట్లు, తొడలు మాత్రం అంగుళం కదల్లేదు.

"అవి ఎవురికోసమో కాసుకోని ఉండాయిలే" అన్నాడు ఆమె భర్త దయాసాగర్.

"ఎవురికి కావాల ఇవి? నాకే వద్దు."

మార్చి ఆఖర్న ఎస్తేరమ్మ హాస్టలు వంటింటి మెట్ల మీద పడింది. ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఏళ్లుగా ఆమే వంటమనిషి. తల్లిలేని సుజన అక్కడే ఆమె చేతి ముద్దలు తిని పదో తరగతి దాకా చదివింది. విరిగిన కాలి ఎముక అతుక్కుంది గాని, మంచాన పడి ఉండేసరికి మే నెలకి రెండు కాళ్లూ ఎండు కట్టెలయ్యాయి. జూన్‌లో హాస్టలు తెరిచేలోగా లేవకపోతే కొత్త మనిషిని పెడతారు, వంటింటి పక్క గది కూడా ఆ మనిషికే ఇస్తారు. ఎస్తేరమ్మకి వేరే ఇల్లు లేదు.

సుజన కొండదారి మానుకుంది. తెల్లవారగానే ఆ గదికి పోయి, వెచ్చని ఆముదంతో ఆమె కాళ్లు మర్దనా చేసేది.

"నడక ఎందుకు మానుకున్నావే? నీ మోకాళ్లు ఏం కావాల?" అంది ఎస్తేరమ్మ.

"అవి తర్వాత చూద్దాం. ఈ కాలు ఎత్తు పెద్దమ్మా."

"ఎత్తలేను."

"నాతో పాటు ఎత్తు."

కింద చాప మీద సుజన, మంచం మీద ఎస్తేరమ్మ. మొదట్లో ఎస్తేరమ్మకి బొటనవేలు మాత్రమే కదిలేది. ఆమె ఏడ్చిన రోజున సుజన ఆమె వంతు కూడా తనే ఎత్తింది.

మరుసటి వారం సుజన లంగా బొందు నాలుగు వేళ్లు వదులైంది. బొందు బిగించుకుని హాస్టలుకి పరుగెత్తి, దుప్పటి తొలగించి చూసింది. ఎస్తేరమ్మ కాళ్లకి కండ పట్టింది.

"వచ్చినాయే" అంది ఎస్తేరమ్మ తొడలు తడుముకుంటూ. "ప్రభువు ఎవురి చేత పంపిస్తాడో అనుకున్నాను. నేను ముద్దలు పెట్టిన ఒళ్లే నా దగ్గరికొచ్చినాది."

సుజన ఆ కాళ్ల మీద తల ఆనించింది.

హాస్టలు తెరిచిన పొద్దున ఎస్తేరమ్మ పొయ్యి ముట్టించింది. పలకరించడానికి వచ్చిన దయాసాగర్ వెనకనుంచి చూసి "సుజనా" అని పిలిచాడు.

"నడకే నీ పెళ్లాంది నాయనా, మనిషిని నేను" అంది ఎస్తేరమ్మ వెనక్కి తిరిగి.

వాకిట్లో ఉన్న సుజన ఆ నడకని చూస్తూ నిలబడింది. ఇన్నేళ్లూ తిట్టుకున్న నడక. చూడబోతే ఎంత నిబ్బరంగా ఉంది. ఆమె పిల్లల వరస చివర పళ్లెం పెట్టుకుని, మోకాళ్ల నొప్పి లేకుండా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఎస్తేరమ్మ ఆమె పళ్లెంలో రెండు ముద్దలు పెట్టింది.

"ఒకటి చాలు పెద్దమ్మా."

"తిను. మళ్లా ఎవురికన్నా కావాల్సి వస్తాది."