శంకరరావు విస్తరి

చలికాలం వచ్చిందంటే బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పక్కనున్న గార్డెన్‌కి ఊపిరి సలపదు. పొద్దున్నే మఫ్లర్లు చుట్టుకున్న పెద్దవాళ్ల యోగా, ఆదివారాలు పిల్లల బొమ్మల పోటీలు, డిసెంబర్లో పూల ప్రదర్శన. వీటన్నిటికంటే ముందు, కార్తీకమాసంలో, మన తెలుగువాళ్ల వనభోజనం. ఇంత గార్డెన్‌లోనూ ఉసిరిచెట్టు ఒక్కటే ఉంది. ఆ ఏడు వనభోజనం పెట్టుకున్న ఆదివారమే ఇక్కడి ఆడవాళ్లు ఉసిరిచెట్టుకి పూజ చేసే ఆంవలా నవమి కూడా పడింది. వాళ్లూ ఆ చెట్టుకే దారం చుట్టాలి, ఆ నీడనే తినాలి. తెలుగు సంఘం కార్యదర్శి నూకరాజు గారు "మేం ముందే పర్మిషన్ తీసుకున్నాం" అని ఉపన్యాసం అందుకోబోయారు. ఒక ఛత్తీస్‌గఢీ ముసలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "చెట్టుకి పర్మిషన్ ఏంటి బేటా?" అని హిందీలో అడిగి, దారం చుట్టుకుంటూ అవతలికి వెళ్లింది. నూకరాజు గారి ఉపన్యాసం అక్కడితో సరి. చెట్టుకి ఆ పక్క వాళ్లు, ఈ పక్క మనవాళ్లు సర్దుకున్నారు.

మాధవీలతకి ఈ తగవు మీద ధ్యాస లేదు. పొద్దుటి నుంచీ ఆమె కళ్లు పక్క క్వార్టర్ కనకమహాలక్ష్మి మీదే ఉన్నాయి.

కనకమహాలక్ష్మి భర్త శంకరరావు, మాధవీలత భర్త దిలీప్, ఇద్దరూ గూడ్సు బళ్ల డ్రైవర్లు. ఆ ఆదివారం శంకరరావుకి రెస్టు. దిలీప్‌కి కట్నీ లైన్లో డ్యూటీ. కర్గీ రోడ్ దాటాక కొండల్లోంచి పోయే బండి, వెళితే ఆ రోజుకి మళ్లీ ఇంటి మొహం చూడడు. వనభోజనంలో ఎనిమిదేళ్ల కూతురు శ్రీనిధి డాన్సు ఉంది. "నాన్న ఒక్క ప్రోగ్రామ్ కూడా చూడలేదు" అని పిల్ల వారం రోజులు సణిగితే, మాధవీలత దానికి రెండింతలు సణిగింది. చివరికి దిలీప్ వెళ్లి శంకరరావుని అడిగాడు. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"దీనికింత మొహమాటం ఏటోయ్? మా ఇంట్లో డాన్సులేసే పిల్లలున్నారేటి? నీ కట్నీ బండి నాకిచ్చీ. నువ్వెల్లి మన అమ్మడి డాన్సు చూడు" అన్నాడు.

డ్రైవర్లకి డ్యూటీలు వేసే లాబీలో అడిగి ఇద్దరూ డ్యూటీ మార్చుకున్నారు. శంకరరావు ఒక్కటే షరతు పెట్టాడు. "మీ వదినకి మాత్రం చెప్పకండి. రెస్టు రోజున బండెక్కితే ఊరుకోదు. పక్కనే బిల్హాలో మా నేస్తం పైడిరాజుని చూసి, భోజనాల వేళకి వచ్చీస్తానని చెప్పీసేను. రాలేదని రాత్రికి తిడతాది, ఆ తిట్లేవో నేనే పడతాను." ఇంట్లోంచి తన డ్యూటీ పెట్టె తెచ్చుకుంటే పట్టుబడతానని దిలీప్ పెట్టె తీసుకుని పోయాడు. అందులో మాధవీలత కట్టిన ఉప్మా కూడా ఆయనతోనే వెళ్లింది.

ఇప్పుడా కనకమహాలక్ష్మి చలికి ముడుచుకుంటూ అరిటాకులు తుడుస్తోంది. ఆమె మెరూన్ రంగు శాలువా కాలనీ అంతటికీ గుర్తే. అదివాళ ఒంటి మీద లేదు.

"శాలువా ఏదక్కా? నాది కప్పుకో" అంది మాధవీలత.

"పనిచేసేవాళ్లకి చలేటమ్మా? ఇంట్లో ఉండిపోయింది" అని ఆమె ఇంకో ఆకు అందుకుంది.

శ్రీనిధి డాన్సు అయింది. పిల్ల రెండుచోట్ల అడుగు తప్పింది, ఒకచోట నవ్వేసింది, ఆఖర్లో స్టేజి మీంచే "పాపా, దేఖా?" అని తండ్రిని చూసి అరిచింది. దిలీప్ రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. అతని మొహం చూస్తే మాధవీలతకి కడుపు నిండిపోయింది. అబద్ధమైతే ఏం, ఎవరికి నష్టం అనుకుంది.

పంక్తులు వేశారు. కనకమహాలక్ష్మి చివర్న ఒక ఆకు వేసి, అందులో పులిహోర, పెసరపప్పు, ఉసిరికాయ పచ్చడి వడ్డించి, పైన ఇంకో ఆకు బోర్లించింది.

"ఆయనకి. వచ్చీస్తారు" అంది.

దిలీప్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు మోగింది ఇంజన్ల షెడ్డు వైపు నుంచి కూత.

రైల్వే కాలనీలో పాలు తాగే పిల్లలకి కూడా ఆ కూతల సంగతి తెలుసు. ఒక్కటే అయితే షిఫ్టు. ఆగి ఆగి మోగితే ఎక్కడో బండికి ప్రమాదం జరిగింది, సహాయానికి ఇంకో బండి కదలాలి. ఇది ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ ఆగింది. పంక్తిలో ఒక్క చెయ్యీ కదల్లేదు. తర్వాత షెడ్డు మనుషులు ఒక్కొక్కరే ఎంగిలి చేతులతోనే లేచారు. నూకరాజు గారు మైకు కింద పెట్టేసి స్కూటర్ దగ్గరికి పరిగెత్తారు. విస్తరి ముందునుంచి మధ్యలో లేవకూడదనే పెద్దవాళ్లెవరూ ఆ వేళ నోరెత్తలేదు.

"ఏ లైన్లో?" అని ఎవరో అడిగారు.

"కట్నీ వైపట. కర్గీ రోడ్ అవతల. గూడ్సు."

దిలీప్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. అతను మాధవీలత వైపు చూశాడు. అతను చెయ్యి కూడా కడుక్కోకుండా లాబీ వైపు సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఈ కాలనీ ఆడవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరు పెట్టారో తెలియదు, అత్తల నుంచి కోడళ్లకి వస్తోంది. కూత మోగాక ఎవరి మగాడు ఏ బండి మీదున్నాడో అడగకూడదు, చెప్పకూడదు. కబురు వచ్చేదాకా చేతిలో పని ఆపకూడదు. నోటితో అంటే నిజమైపోతుందని భయం. మామూలు రోజుల్లో మాధవీలత ఈ మాటకి నవ్వేది. ఇవాళ నవ్వు ఎక్కడినుంచి వస్తుంది? మిగతా ఆడవాళ్లకి తమ భయమే ఉంది. ఆమెకి మాత్రం బండి మీద ఎవరున్నారో తెలుసు. కక్కలేదు, మింగలేదు. ఆ బండి మీద ఉండాల్సింది దిలీప్. దిలీప్ బతికి ఉన్నాడన్న సంతోషం ఒక పక్క తన్నుకొస్తోంది. ఆ సంతోషానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

చెట్టుకి అవతల ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు కూడా తినడం ఆపేశారు. ఇందాకటి ముసలమ్మ వచ్చి, "కా హోగే దీదీ?" అని ఏమైందో అడిగింది. బండికి ప్రమాదమని మాత్రం మాధవీలత చెప్పింది. ముసలమ్మ వెళ్లి, మిగిలిన దారం ఉండ తీసుకుని, రైలువాళ్ల పేరు మీద చెట్టు చుట్టూ మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

కనకమహాలక్ష్మి సాంబారు బకెట్టు పట్టుకుని పిల్లల పంక్తిలో వడ్డిస్తోంది. "ఇంకొంచెం వెయ్యనా? ఉప్పు సరిపోయిందేటి?" అని ఒక్కొక్కళ్లనీ అడుగుతోంది. ఏమీ తెలియని మనిషి, మొగుడు బిల్హాలో కబుర్లు చెప్పుకుంటున్నాడని నమ్మిన మనిషి. మాధవీలత ఆ మాట వినలేకపోయింది. ఆమె పక్కకి వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నీకో మాట చెప్పాలి. అన్నయ్య..."

"అప్పడాల డబ్బా ఆ ఎర్ర దుప్పటి మీదున్నాది. పట్రా."

తెచ్చి ఇచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది. "అక్కా, నిన్న సాయంత్రం మా ఆయన అన్నయ్యని..."

"ఆ పిల్లాడి ఆకు ఎగిరిపోతంది చూడు. రాయి పెట్టు."

రాయి పెట్టింది. కనకమహాలక్ష్మి తన మొహం వంక ఒక్కసారి కూడా చూడటం లేదు. ఇంత చలిలోనూ ఆమె నుదుటి మీద చెమట పట్టింది. పనిచేస్తే పట్టదా అనుకుంది మాధవీలత. మూడోసారి చెప్పడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

టైము ఎంత గడిచిందో ఎవరూ చూసుకోలేదు. శ్రీనిధి డాన్సు గజ్జెలు విప్పకుండా అమ్మ కొంగు పట్టుకుని తిరుగుతోంది. "మమ్మీ, పాపా కహా గయే?" అని నాన్న ఎక్కడికెళ్లాడో అడిగితే మాధవీలత కసురుకుంది. పిల్ల మొహం ముడుచుకుపోయింది. వెంటనే దగ్గరికి తీసుకుంది. నా కూతురి డాన్సు కోసం ఆ మనిషి చచ్చిపోతే, ఈ పిల్లకి నేను మళ్లీ గజ్జెలు కట్టగలనా అన్న ఆలోచన ఆమెని వదల్లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు కూడా భయపడింది.

గేటు దగ్గర సైకిల్ కనపడింది. దిలీప్. దూరం నుంచే మాధవీలత అతని భుజాలు చూసింది. తల ఎలా ఉంది, నడక ఎలా ఉంది. అతను సైకిల్‌కి స్టాండు కూడా వెయ్యలేదు, గులాబీ మడి మీద పడేసి వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. కనకమహాలక్ష్మి మాత్రం గరిటె పట్టుకుని వంగినది వంగినట్టే ఉంది.

"ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు దిలీప్ రొప్పుతూ. "వెనక డబ్బాలు పట్టాలు దిగాయి. ఇంజను నిలబడే ఉంది. అన్నయ్యతో ఫోన్లో నేనే మాట్లాడేను వదినా. ఒంటి మీద గీత కూడా లేదు." అంతా అనేశాక గానీ దాచమన్న సంగతి నోటివెంట వచ్చేసిందని అతనికి తెలియలేదు.

మాధవీలత ఏడ్చేసింది. "అక్కా, అన్నయ్య బిల్హా వెళ్లలేదు. మా ఆయన బండి మీద వెళ్లాడు. మా పిల్ల డాన్సు కోసం. నీకు చెప్పద్దన్నాడు. నేను చెప్పబోయాను, రెండుసార్లు..."

"తెలుసమ్మా" అంది కనకమహాలక్ష్మి.

"ఏం తెలుసు?"

"బిల్హా ఎల్లే మనిషి చీకటితోనే లేచి బూట్లు పాలిష్ చేసుకుంటాడేటి? పెట్టె ఇంట్లో ఒదిలీస్తే నాకు తెలీదనుకుని, చిన్నపిల్లాడిలాగ దొంగాటలాడేడు. అమ్మడి డాన్సు రోజున మీ ఆయనకి కట్నీ బండి పడిందని వారం రోజులు సణిగేవు కాదేటి? బిల్హాకి శాలువా ఏటికి? కొండల్లో చలేస్తాదని నేనే కప్పి పంపేను."

కూత మోగిన క్షణం నుంచీ ఈమెకి తెలుసు. కట్నీ వైపు అని ఎవరో అన్నప్పుడూ తెలుసు. పిల్లలకి ఉప్పు సరిపోయిందా అని అడుగుతున్నప్పుడూ తెలుసు.

"మరి నన్నెందుకు చెప్పనివ్వలేదక్కా?"

"నువ్వు చెప్తే నేను ఏడవాలి. నేనేడిస్తే, నీ మొగుడు తిన్న ఆ ఒక్క ముద్దా జన్మంతా నీకు అరగదు. ఇద్దరం కూలబడితే వడ్డించేదెవరమ్మా?" అని ఆమె శ్రీనిధి తల నిమిరింది. "డాన్సు బాగేసేవే. మీ పెదనాన్న వచ్చేక మళ్లీ వెయ్యాల."

ఆ మాట అన్నాక వెళ్లి, శంకరరావు విస్తరి ముందు కూర్చుంది. బోర్లించిన ఆకు తీసి, అంతా అలాగే ఉందా అని చూసుకుని, మళ్లీ మూసింది. అప్పుడు మొదలైంది వణుకు. ముందు చేతులు, తర్వాత భుజాలు, తర్వాత పళ్లు కూడా టకటకలాడాయి. మాధవీలత తన శాలువా తీసి ఆమెకి కప్పింది. ఈసారి కనకమహాలక్ష్మి వద్దనలేదు.