జోడీ కుర్చీ

పొద్దుగూకే మగ్రిబ్ అజాన్ వేళ ఆడపిల్లలు జుట్టు విరబోసుకొని డాబా ఎక్కకూడదని హాజిరా బీకి చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ, నానీ, చెప్పింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. చెప్పని సంగతి చెప్పినదానికంటే ఎక్కువ భయపెడుతుంది కాబట్టి ఆ మాటను హాజిరా బీ ఇన్నేళ్ళుగా కొంగుకు ముడేసుకొని తిరుగుతోంది. అలాంటిది, ఆమె కడుపున పుట్టిన ఆలియా రోజూ సరిగ్గా ఆ వేళకే, తలంటుకున్న జుట్టు ఆరకముందే డాబా మీదికి పోతోంది. పోయి ఇంగ్లీషులో మాట్లాడుతోంది.

మాట్లాడటం తప్పు కాదు. మానుకోట స్టేషన్ రోడ్డులో మందుల దుకాణం పైనున్న స్పోకెన్ ఇంగ్లీష్ సెంటరుకు పంపింది అందుకే. హాజిరా బీ గుండె జారింది వేరే దానికి. ఆలియా ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటుంది. ఒక మాట అడుగుతుంది, ఆగుతుంది. అవతల ఎవరో జవాబు చెప్తున్నట్టు తల పక్కకు వంచి వింటుంది. ఊఁ కొడుతుంది. ఒక్కోసారి నవ్వుతుంది కూడా. మెట్ల మీద నిలబడి తొంగి చూస్తే అక్కడ నీళ్ళ ట్యాంకు, ఆరేసిన దిండు గలీబులు, ఆ ఖాళీ కుర్చీ తప్ప మనిషి లేడు. ఫోను కింద చార్జింగులోనే ఉంది.

"ప్రాక్టీసు చేస్తుందిలే," అన్నాడు జలీల్. అతనిది పరుపుల దుకాణం. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి షట్టరు దించి, ఇంట్లో పడుకొని, తను కుట్టిన పరుపు మెత్తగా లేదని తనే సణుగుతున్నాడు. "బస్సులు బంద్, రైళ్ళు బంద్, బడులు బంద్. నీ బిడ్డ ఒక్కతే డ్యూటీ చేస్తుంది. ఖుషీ పడక, పరేషాన్ ఏంది?"

"ఎవరితోటి మాట్లాడుతుందో జర చూసి రాపో."

"గోడతోటి. నేను నీతోటి మాట్లాడుతలేనా?"

జలీల్ నవ్వాడు. హాజిరా బీకి నవ్వు రాలేదు. ఆ కుర్చీ ఎవరిదో ఆమెకు తెలుసు. నరేందర్‌ది.

ఆ సెంటరు నడిపే విద్యాసాగర్ సారుది జనగామ. పొద్దున రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు పోయేవాడు. ఆయన చదువులో మూడు లెవెళ్ళు. మొదటి లెవెల్లో పేరు, ఊరు, తిండి, ఇల్లు. రెండో లెవెల్లో జరిగిన సంగతి జరిగినట్టు చెప్పడం. మూడోది మనసులో ఉన్నది బయటపెట్టడం: ఇష్టం, కోపం, దిగులు, ఎందుకు అవునో, ఎందుకు కాదో. చేరిన రోజే చీటీలు తీసి జోడీలు కడతాడు. జోడీతో ఇంగ్లీషే మాట్లాడాలి. క్లాసులోనే కాదు, బజార్లో ఎదురైనా, ఫోను చేసినా అంతే. ఒకరు తెలుగులోకో ఉర్దూలోకో జారితే ఇద్దరికీ పై లెవెల్ లేదు. జోడీ దొరకనివాళ్ళు గోడ ముందు కూర్చొని మాట్లాడుకోవాలి.

ఆలియా చీటీలో నరేందర్ పేరు వచ్చింది. భూపాలపల్లి దిక్కు టేకుమట్ల పిల్లవాడు. కురవి రోడ్డులో మేనమామ ఇంట్లో ఉండి డిగ్రీ చదివేవాడు. ముందు హాజిరా బీకి నచ్చలేదు. మగపిల్లవాడితో జోడీ ఏమిటి, నలుగురూ ఏమంటారు అని రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత ఒకసారి అతనే మేనమామ పాత దిండు విప్పి కుట్టించడానికి ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఆలియాతో ఇంగ్లీషులో నత్తినత్తిగా ఏదో అన్నాడు. హాజిరా బీ మొహం చిట్లించడం చూసి ఆమె వైపు తిరిగాడు.

"మీ బిడ్డతోటి తెలుగుల మాట్లాడితే నా లెవెల్ పోతదమ్మా. మీతోటైతే భయం లేదు. జర మంచినీళ్ళిస్తరా?"

నీళ్ళు తాగి, దూది ఏకుతున్న ఆమె దగ్గరే కూర్చున్నాడు. హైదరాబాదులో ఒక ఇంటర్వ్యూకు పోతే అతను 'గిట్ల' అనగానే బల్ల అవతల ఇద్దరూ మొహాలు చూసుకొని నవ్వారట. "అందుకే ఇంగ్లీష్ పట్టిన. అండ్ల అందరం పరాయోళ్ళమే, ఎవడు ఎవన్ని నవ్వుతడు?" అన్నాడు. ఆమె అన్నం తినమంది. తిని వచ్చానన్నాడు. మొహం చూస్తే తిన్నట్టు లేదు. ఆమె రెండోసారి అడగలేదు.

ఆ ఎండాకాలమే నరేందర్ పోయాడు. రాష్ట్రం వస్తలేదన్న దిగులుతో ప్రాణం తీసుకున్నాడని చెప్పారు. ఆ రోజుల్లో అలా పోయిన పిల్లలు ఎందరో. ఏ చౌరస్తాలో చూసినా ఫ్లెక్సీల మీద మీసం సరిగా రాని మొహాలు. అతని కన్నతల్లి ముత్తమ్మ టేకుమట్లలో మంచం పట్టిందని మాత్రం తెలిసింది. ఆలియా ఏడవలేదు. అన్నం మానలేదు. సారు కొత్త జోడీ కోసం చీటీ తీయమంటే వద్దంది. గోడతోనే రెండో లెవెల్ దాటి మూడోదానికి వచ్చింది. ఆ తర్వాతే డాబా మీద కుర్చీ పడింది.

హాజిరా బీ చేయని పని లేదు. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. మిరపకాయలు దిష్టి తీసి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు. దిష్టి గట్టిదైతేనే ఘాటు రాదంటారు, దాంతో ఆమె భయం రెట్టింపైంది. చివరికి పక్కింటి ఓదెమ్మకు చెప్పుకుంది. ఓదెమ్మ బీడీలు చుట్టడం ఆపకుండానే విన్నది.

"పెండ్లిగాని పిల్లగాడు గట్ల పోతే ఊకె పోడు హాజిరా. జోడీని ఎతుక్కుంటడు. మీ ఆలియాను పిలుస్తుండు గావచ్చు."

"పిలిస్తే?"

"పిలిస్తె ఏముంది? పలుకొద్దు. పలికిందా, ఇగ అంతే."

పలుకుతోందో లేదో తెలిసేదెలా? ఇంట్లో మాట్లాడే దక్కనీ ఉర్దూలో అయితే హాజిరా బీకి గుసగుస కూడా అర్థమవుతుంది. తెలుగులో అయితే మాట వెనక మాట కూడా దొరుకుతుంది. కన్నబిడ్డ తన నుంచి దాక్కోవడానికి ప్రపంచంలో మిగిలింది ఆ ఒక్క భాషే. ఐదో తరగతితో ఆగిన తల్లి ఆ గోడ ఎలా దూకుతుంది? మెట్ల మీద నిలబడి వింటుంటే ప్రతి మాటా ఒకటే మాటలా తోచేది: వస్తున్నా, వస్తున్నా, వస్తున్నా.

మరునాడు పొద్దున బురఖా వేసుకొని సెంటరు మెట్లెక్కింది. రైళ్ళు ఆగిపోవడంతో విద్యాసాగర్ సారు జనగామ పోలేక అక్కడే బెంచీల మీద పడుకుంటున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ లేచాడు.

"ఆలియా వాళ్ళమ్మ గదా? కూసోండమ్మా. పిల్ల బాగనే ఉందిగా?"

"నన్ను ఫస్ట్ లెవెల్ల చేర్చుకోండ్రి సారు."

సారు నవ్వబోయి ఆగాడు. "గిప్పుడు ఇంగ్లీష్ ఎందుకమ్మా? దుకాణంల బేరాలకా?"

"నా బిడ్డ ఏం మాట్లాడుతుందో నాకు తెల్వాలె."

ఆయన కిటికీలోంచి ఖాళీ పట్టాల వైపు చూశాడు. "జోడీ లేదమ్మా. సమ్మెల ఎవరొస్తుండ్రు? గోడ ముందట కూసోవాలె మరి," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "గోడకు చెప్పినా జవాబుకు టైం ఇయ్యాలె. అడిగి ఊరుకోవాలె. గదే నా పద్ధతి," అన్నాడు.

హాజిరా బీ గోడ ముందు కూర్చుంది. సున్నం పెచ్చులూడిన గోడ. దాని పేరు అడిగింది, ఊరు అడిగింది, తిన్నావా అని అడిగింది. నాలుక బండబారినట్టుండేది. ఇంట్లో దూది ఏకుతూ, రొట్టెలు కాలుస్తూ అవే మాటలు గొణిగింది. జలీల్ అది చూసి, "ఇల్లంతా లండన్ అయింది. నాకు చాయ్ ఏ భాషల అడగాలె?" అన్నాడు. ఆమెకు భయం వేసింది మాత్రం ఇంకో సంగతికి. అడిగి ఊరుకున్నప్పుడు, ఆ ఊరుకున్న జాగాలో ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండేది. గోడ వైపు చూస్తూ వీపు జలదరించేది. అయినా మానలేదు.

సాయంత్రాలు మెట్ల మీద నిలబడి వినేది. దూది పిసుకుతుంటే వేళ్ళకు గింజ తగిలినట్టు, ఆలియా మాటల్లో మొదట అక్కడొకటి ఇక్కడొకటి తగిలింది. నీళ్ళు. ఇల్లు. అమ్మ. రానురాను గింజలు ఎక్కువయ్యాయి.

ఒకనాడు స్టేషన్ దిక్కున జై తెలంగాణ కేకలు సద్దుమణిగి, అజాన్ కూడా అయిపోయి, డాబా మీద వెలుగు బూడిదరంగుకు తిరిగింది. ఆలియా కుర్చీ ఎదుట కూర్చుంది. జుట్టు ఆరబోసుకొనే ఉంది.

"డిడ్ యూ ఈట్?"

తిన్నావా. హాజిరా బీకి తెలిసింది. గోడను తను అడిగిన మాటే.

"ఈజ్ ఇట్ కోల్డ్? హూ ఈజ్ విత్ యూ?"

చలిగా ఉందా. నీతో ఎవరున్నారు. హాజిరా బీ గోడ పట్టుకుంది. మూడో లెవెల్ పిల్ల మొదటి లెవెల్ మాటలు అడుగుతోంది. ఇంతకాలం అర్థం కాక భయపడింది, ఇప్పుడు అర్థమై భయపడింది. ఇవి బతికున్నవాళ్ళను అడిగే మాటలు.

ఆలియా తల వంచి చాలాసేపు విన్నది. తర్వాత ముందుకు వంగి, బతిమాలుతున్నట్టు అన్నది:

"ప్లీజ్, స్పీక్ ఇన్ తెలుగు. ఐ విల్ లిసన్. స్పీక్ ఇన్ తెలుగు, నరేందర్."

తెలుగులో మాట్లాడు, వింటాను. హాజిరా బీకి ఆ మాటల అర్థం తెలిసింది గానీ, ఆ బతిమాలడం ఎందుకో తెలియలేదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ కుర్చీలోంచి జవాబు వస్తే తన బిడ్డ లేచి వెళ్ళిపోతుంది. జవాబు రాకపోతే ఇక్కడే ఇలా అడుగుతూ అడుగుతూ కరిగిపోతుంది.

దువా చదువుకుంటూ మెట్లెక్కింది. కుర్చీ దగ్గరకు పోయి నిలబడింది. చచ్చినవాడి ఒళ్ళో కూర్చోబోతున్నానా అనిపించింది. కళ్ళు మూసుకొని కూర్చుంది. ప్లాస్టిక్ చల్లగా తగిలింది.

ఆలియా కొయ్యబారిపోయి చూస్తోంది.

"ఐ యామ్ హియర్," అన్నది హాజిరా బీ. గొంతు తనది కానట్టు వచ్చింది. "ఐ యామ్ యువర్ మదర్. ఆస్క్ మీ."

హాజిరా బీ ఊరుకుంది, సారు నేర్పినట్టే. కాసేపటికి ఆలియాకు మాట వచ్చింది. ఇంగ్లీషు కాదు, ఇంటి మాట.

"అమ్మీ, ఆ ఆఖరు రోజు నాకు ఫోన్ చేసిండు. తెలుగుల మొదలువెట్టిండు. ఆలియా, జర మాట్లాడాలె, మనసు బాగలేదు అన్నడు."

"నువ్వేమన్నవు బిడ్డా?"

"ఇంగ్లీష్ ప్లీజ్ అన్న. ఎల్లుండే టెస్టు. నవ్వుకుంటనే అన్న అమ్మీ. కొంచెంసేపు కోషిష్ చేసిండు, మాటలు ఎతికిండు. దొరకలే. మనసుల సంగతి చెప్పుడు థర్డ్ లెవెల్ల గదా ఉన్నది, మేమింకా సెకండ్ల ఉంటిమి. దట్ ఈజ్ థర్డ్ లెవెల్ అని, తను గూడ నవ్వి ఫోన్ పెట్టేసిండు."

అప్పుడు ఏడ్చింది ఆలియా. ఎండాకాలం నుంచి ఆగిన ఏడుపు డాబా మీద పడింది. హాజిరా బీ కుర్చీలోంచి లేవకుండానే బిడ్డ తలను ఒళ్ళోకి లాక్కుంది. తడి జుట్టు చేతికి చుట్టుకుంది. అడగక తప్పని మాట అప్పుడు అడిగింది.

"నిన్ను రమ్మంటుండా?"

"ఏం అనడు అమ్మీ. ఒక్క మాట గూడ అనడు. గదే."

"నీకు పోబుద్ధి అయితుందా? నా మీద ఒట్టు, ఉన్నదున్నట్టు చెప్పు."

ఆలియా వెంటనే కాదనలేదు. ఆ ఆలస్యంలో హాజిరా బీ ప్రాణం పోయి వచ్చింది. "ఒకట్రెండు సార్లు అయింది," అన్నది ఆలియా, ఒళ్ళో మొహం దాచుకొని. "ఇప్పుడైతే లేదు."

"మళ్ళ గట్లయితే నాకు చెప్పాలె. ఏ భాషలనన్న చెప్పు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, ఇడిసిపెట్టి వస్త. టెస్టు లేదు, లెవెల్ లేదు. సమజైందా?"

ఆలియా తల ఊపింది. హాజిరా బీ ఆ జుట్టును మూడు పాయలు చేసి, అక్కడే గట్టిగా జడ వేసింది. ఆ రోజు నుంచి బిడ్డ పక్కనే పడుకుంది. జలీల్‌కు కూడా అంతా చెప్పింది. అతను ఈసారి నవ్వలేదు. దుకాణంలోంచి కొత్త పరుపు తెచ్చి ఆ ఇద్దరికీ వేశాడు. ఆలియా ఒక మాట అడిగింది: సమ్మె అయిపోయి బస్సులు తిరిగితే టేకుమట్ల పోదామని, ముత్తమ్మకు ఆ ఫోను సంగతి తెలుగులో చెప్తానని. హాజిరా బీకి దారి గుర్తొచ్చింది, అడవి గుర్తొచ్చింది, బస్సు బోల్తా పడుతున్నట్టు కూడా కళ్ళ ముందు ఆడింది. అయినా పోదామంది.

నాలుగు రోజుల తర్వాత ఒక సాయంత్రం ఆలియా కింద పిండి పిసుకుతుంటే, మబ్బు పట్టిందని హాజిరా బీ డాబా ఎక్కింది. గలీబులు తీసి భుజాన వేసుకుంది. కుర్చీని కూడా తీసి మూలకు పెడదామని చెయ్యి వేసింది. కూర్చునే చోట ఒక చిన్న గుంట, అందులో నిన్నటి చినుకు నీళ్ళు. దూది ఏకుతున్న తన పక్కన కూర్చొని, తిని వచ్చానని అబద్ధమాడిన మొహం గుర్తొచ్చింది. రెండోసారి అడిగి ఉంటే తినేవాడేమో.

కొంగుతో కుర్చీ తుడిచింది. అటూ ఇటూ చూసింది. తనకు వచ్చిన లెవెల్లోనే, మెల్లగా అడిగింది.

"డిడ్ యూ ఈట్?"

అడిగి ఊరుకుంది. వీపు జలదరించింది. చినుకులు మొదలయ్యాయి. కింద ఆలియా అమ్మీ అని పిలుస్తోంది. జోడీకి జవాబు చెప్పే టైం ఇవ్వాలి కాబట్టి, ఆ గలీబులు తడుస్తున్నా హాజిరా బీ ఇంకాసేపు అక్కడే నిలబడింది.