మేము కట్టిన డేరా

గిద్దలూరు స్టేషనులో బండి దిగిన దేవదానానికి మొట్టమొదట కనబడింది ఒక ఇనుప మంచం. మళ్లీ చూస్తే ఆ మంచం కింద రెండు కాళ్లు కనబడ్డాయి. ఇంకోసారి చూస్తే ఆ కాళ్లు తన తండ్రివి.

మంచం జమాబందీ దొరది. శిస్తు వ్యవహారాలు తేల్చడానికి ఏటా ఒక అధికారి వచ్చి రాచర్ల పక్కనున్న వాళ్ల పల్లెలో డేరా వేసుకుంటాడు. ఆయన మంచం, బల్ల, నీళ్ల తొట్టి, కోళ్ల గంప అన్నీ ఆరు మైళ్లు మాదిగపల్లె వాళ్లే నెత్తిన మోయాలి. డేరా కట్టాలి, కట్టెలు కొట్టాలి, నీళ్లు తోడాలి. కూలి ఉండదు. అడిగినవాడి వీపు మీద మునసబు చెర్నాకోల ఉంటుంది. దాని పేరు వెట్టి.

తండ్రి ఇస్సాకుకు యాభై దాటాయి. మంచం కోడు చెవి పక్కన గీరుకుని, నెత్తురు మెడ మీదికి జారి ఎండిపోయింది. వెనకనుంచి బిళ్ల బంట్రోతు కర్రతో మంచాన్ని తడుతూ "నడువు, నడువు" అంటున్నాడు. కింద మనిషి ఉన్న సంగతి వాడికి గుర్తున్నట్టు లేదు.

"నాయనా!"

ఇస్సాకు తల తిప్పలేదు. తిప్పితే మంచం తిరుగుతుంది.

"వచ్చినావా అబ్బయ్యా? మంచిది. నడుస్తా మాట్లాడుకుందాం పా."

"వెట్టి మానేస్తామని పోయిన నెల ప్రార్థన పాకలో ఒట్టు పెట్టుకుంటిరి గదా. ఉపదేశి నాకు జాబు గూడా రాసె!"

"పెట్టుకుంటిమి."

"మరి ఇదేంది?"

"ఇది నీ కాయితం, నాయనా."

దేవదానం అడుగు ఆగిపోయింది.

అతను యూనివర్సిటీలో బి.ఏ. రెండో ఏడు చదువుతున్నాడు. అక్కడి హాస్టల్లో ఆది ఆంధ్ర విద్యార్థులు, అంటే మాల మాదిగ పిల్లలు, పదిహేడు మంది. అందరూ భోజనాల హాల్లో కూర్చుంటే ఈ పదిహేడు మందీ వెనక వసారాలో కూర్చుంటారు. వానొస్తే విస్తరి చేతబట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి తింటారు. విద్యార్థి సంఘం కౌన్సిల్లో వాళ్ల తరఫున ఒక సీటుంది. ఇన్నాళ్లూ వార్డెను తనకు నచ్చినవాణ్ణి అందులో కూర్చోబెట్టేవాడు. వాడు "అంతా బాగుందండీ" అనేవాడు. ఈ ఏడు మొదటిసారి ఎన్నిక పెట్టారు. మిగతా పదహారు మందీ ఒక్కమాట మీద "దేవదానం, నువ్వు నిలబడు. హాలు తలుపు సంగతి అడుగు" అన్నారు. కాని నామినేషన్ కాగితం మీద అతనిది ఆ సముదాయమేనని సర్కారు అధికారి సంతకం కావాలి. గడువు సోమవారం. జమాబందీకి వచ్చే దొర చేత అది పెట్టించమని దేవదానం మునసబు మాలకొండారెడ్డికి జాబు రాశాడు.

ఆ జాబును మునసబు తన అరుగు మీద కూర్చుని పదిమందికీ చదివి వినిపించాడట. "నీ కొడుకు ఆడ మెంబరు కావాలంటే, ఈడ నువ్వు మంచం మొయ్యాల. దొర డేరా లేస్తే సంతకం పడతాది. లేకుంటే లేదు" అన్నాడట ఇస్సాకుతో.

"దించు నాయనా" అనే మాట దేవదానం గొంతు దాకా వచ్చింది. వసారాలో గోడకు ఆనుకుని నిలబడ్డ పదహారు మొహాలు కళ్లముందు ఆడాయి. మాట వెనక్కి పోయింది. ఆరు మైళ్లూ అతను మంచం వెనకే నడిచాడు. భుజాన పుస్తకాల సంచీ ఉంది. నెత్తి ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం పొద్దుండగానే ప్రార్థన పాక నిండిపోయింది. చోటు చాలనివాళ్లు బయట నిలబడ్డారు. గొర్రెల కాపరి నాగులు కూడా దడి పట్టుకుని నిలబడ్డాడు.

ఎలీషబా మొదట లేచింది. ఇస్సాకు చెల్లెలు. నోరు తిరిగిన మనిషి.

"ఒట్టు పెట్టింది దేవుని ముందర. విడిచేది మునసబు ముందరనా? ఇదేం భక్తి?"

"అత్తా, ఈ ఒక్కసారికి" అన్నాడు దేవదానం. "నేను కౌన్సిల్లో కూచుంటే మనోళ్ల మాట పెద్దోళ్ల చెవిన పడతాది."

"నువ్వు ఆడ కూచునేదానికి మేము ఈడ వంగాల్నా? ఎవురి తరపున కూచుంటావురా నువ్వు? వంగినోళ్ల తరపునా, వంచినోళ్ల తరపునా?"

పాకలో ఎవరో దగ్గారు. దేవదానం నేల చూశాడు.

ఇస్సాకు చెవి పక్కన పసుపు పెట్టుకుని గోడ వారగా కూర్చున్నాడు. "వదిలెయ్ చెల్లే. మోసేది నేను గదా. పిల్లోడు లోపల కూచుని తిననీ."



"నన్నూ పొట్టేల్ని తెమ్మన్నాడు మునసబు" అన్నాడు నాగులు దడి అవతలినుంచి. "దొర కూరకంట. అది పాపం ఏ కౌన్సిలుకు నిలబడిందో!"

జనం నవ్వారు. ఏడుపు ఆపుకోవడానికి నవ్విన నవ్వు అది.

అప్పుడు పాకలో ప్రార్థన నడిపే ఉపదేశి నతానియేలు లేచాడు. "మునసబు మాట నమ్మేది లేదు. మన సాక్ష్యం గూడా ఒక కాయితం మీద పెడదాం" అన్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలతో తానే రాశాడు. ఇస్సాకు కుమారుడు దేవదానం బాప్తిస్మము పొందినవాడు. ఆదివారం ఆరాధన తప్పనివాడు. పది ఆజ్ఞలు చూడకుండా చెప్పగలవాడు. కల్లు ముట్టనివాడు. దాని కింద అరవై రెండు వేలిముద్రలు పడ్డాయి. కళ్లు కనబడని ముసలమ్మలు కూడా చెయ్యి పట్టించుకుని వేలు వేశారు. మిషను బడిలో చేరాలన్నా, మిషను ఆసుపత్రికి పోవాలన్నా ఆ పల్లెకు తెలిసిన గొప్ప సాక్ష్యం అదొక్కటే. మనిషి మంచివాడని చెప్పడానికి వాళ్లకు ఇంకో మాట తెలియదు.

కాగితం చదివిన దేవదానానికి లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. తలెత్తితే అరవై రెండు వేళ్లు సిరాతో నల్లగా కనబడ్డాయి. వద్దనకుండా దాన్ని నామినేషన్ కాగితంతో కలిపి మునసబుకు ఇవ్వడానికి మడిచాడు.

మర్నాడు పొద్దున్నే డేరా లేచింది. రాతినేల. ఒక్కో మేకు దిగడానికి ముగ్గురు మనుషులు చెమట కార్చారు. ఇస్సాకు నాలుగు మూలల మేకులూ తానే దగ్గరుండి దిగ్గొట్టించాడు. దొర బల్ల ముందు కూర్చున్నాక మునసబు రెండు కాగితాలూ తెచ్చి పెట్టాడు. పైన పెట్టింది వేలిముద్రల కాగితం.

దొర చదివాడు. మంచి మాటకారి. గొంతు పెంచలేదు.

"నువ్వు క్రైస్తవుడివన్నమాట. మీ వాళ్లే అరవై రెండు మంది చెప్తున్నారు. మరి ఆది ఆంధ్ర అని ఎలా రాయమంటావు? క్రైస్తవ విద్యార్థుల సీటు ఉంటుంది కదా, దానికి నిలబడు."

"ఆ సీటోళ్లు నన్ను దగ్గరికి రానియ్యరండీ. వాళ్లు హాల్లో తింటారు, నేను వసారాలో తింటాను. బాప్తిస్మం నాకయింది గాని నా విస్తరికి కాలేదు."

"అయితే మతం వదులుకున్నానని రాసివ్వు. ఇప్పుడే సంతకం పెడతాను."

మునసబు పకపకా నవ్వాడు. "పది ఆజ్ఞలు చూడకుండా చెప్తాడంట దొరా! అందులో ఒకటి తీసేసుకుంటే పాయె!"

డేరా బయట అన్నీ వింటున్న నతానియేలు తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. "నా చేత్తోనే రాస్తినే" అన్నాడు మెల్లగా.

విద్యార్థులారా, కూలన్నలారా, ఒక మనిషిని రెండు గుమ్మాల మధ్య నిలబెట్టి రెండు తలుపులూ వేసేయడానికి తుపాకి అక్కర్లేదు. ఒక సిరాబుడ్డి చాలు.

దేవదానం తన కాగితాలు తీసుకుని బయటికొచ్చాడు. జనం అతని మొహం చూసి దారి ఇచ్చారు.

"అత్తా, నిన్న నువ్వడిగినదానికి జవాబు చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్తా, విను. నాయనను మంచం కింద చూసి గూడా నేను దించమనలేదు. ఆడనే పాయె నా నోరు. నోరు పోయినోనికి సీటెందుకు?" జనం వైపు తిరిగాడు. "ఈ డేరా కట్టింది ఎవురు?"

"మేమే" అన్నారు పదిమంది.

"కూలి ఇచ్చినారా?"

"లేదు!" ఈసారి అన్నది వందమంది.

"అట్లయితే మన కష్టం ఇంకా మనదే. తీసుకుందాం రాండి."

మొదట కదిలింది ఇస్సాకు. పొద్దున ఏ మేకు ఏ రాయి సందున దిగిందో ఆయనకు తెలుసు. వంగి, ఎడమ మూల మేకును రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఆడించి పైకి లాగాడు. రెండో మూల దగ్గరికి నతానియేలు పరిగెత్తాడు. తరువాత ఎవరు ఎక్కడున్నారో చెప్పలేం. గుడ్డ కప్పు మెల్లగా కుంగి బల్ల మీద, సిరాబుడ్డి మీద, దొర తల మీద వాలింది. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. మునసబు చెర్నాకోల ఎత్తి, నలుదిక్కులా చూసి, దించుకున్నాడు. ఎలీషబా తాళ్లన్నీ చుట్టలు చుట్టి వరసగా పేర్చింది.

"సర్కారు సొత్తు. మట్టి కాగూడదు" అంది.

నాగులు పొట్టేలు పలుపు విప్పుకున్నాడు. గుడ్డ కిందనుంచి బయటపడుతున్న దొరతో, "నామినేషను వాపసు దొరా. ఇది నిలబడదంట" అని తోలుకుపోయాడు.

మధ్యాహ్నానికి గిద్దలూరునుంచి పోలీసులొచ్చారు. దేవదానానికీ, ఇస్సాకుకూ, ఇంకో పదకొండు మందికీ బేడీలు వేశారు. అంతకు ముందే దేవదానం నామినేషన్ కాగితం వెనక నాలుగు వరసలు రాసి ఎలీషబా చేతికిచ్చాడు. రైలు స్టేషనుకు పోయి ఆమె ఆ పూటే టపాలో వేయించింది.

"నా పేరు కొట్టేశారు. మీలో ఇంకొకరు నిలబడండి. ఆ పేరూ కొట్టేస్తే మరొకరు. ఇంకా పదహారు పేర్లున్నాయి. సీటు వచ్చేదాకా ఆగకండి. విస్తళ్లు తీసుకుని రేపే హాల్లోకి పోయి కూర్చోండి."

దొర పొద్దుగూకేలోగా తరువాతి మకాము బేస్తవారిపేట చేరాలి. మునసబు పల్లెంతా తిరిగాడు. మాదిగపల్లెలో తలుపులు తియ్యలేదు. గొల్లల ఇళ్లలోనూ తియ్యలేదు. డేరా, తొట్టి, కోళ్ల గంప ఎండలో పడి ఉన్నాయి. చివరకు ఇద్దరు పోలీసులు టోపీలు తీసి పక్కన పెట్టి ఇనుప మంచాన్ని నెత్తికెత్తుకున్నారు. నాలుగడుగులు వేశారో లేదో ముందువాడు మెడ వంచి "ఏంది, ఇంత బరువుంది!" అన్నాడు.

బేడీలతో పక్కనే నడుస్తున్న ఇస్సాకు అతని చెవి వైపు చూశాడు.

"గుడ్డ చుట్టుకోరాదా అయ్యా. కోడు గీరుకుంటాది" అన్నాడు. "ఇంక రోజూ నువ్వే గదా మొయ్యాల్సింది."