నా కథను కాపీ కొట్టిన టైలరమ్మ

వారానికి ఐదు రోజులు పత్రికలో ఫీచర్లు రాస్తాను. తెల్లవారుజామున కథలు రాస్తాను. ఆదివారం ఉదయం లైబ్రరీ మేడ మీద గదిలో పన్నెండు మందికి కథలు రాయడం నేర్పుతాను. అంటే నిజాన్ని కుదించడం ఒక ఉద్యోగం, సాగదీయడం ఇంకో ఉద్యోగం, ఈ రెండూ ఎలా చేయాలో నలుగురికీ చెప్పడం మూడోది. మూడింటిలోనూ నన్ను మించినవాళ్ళు లేరని మా ఆయన అంటుంటాడు. నేను రాసింది ఆయన ఒక్కటీ చదవలేదు.

మా శిష్యుల సంగతి చెప్పాలంటే ఒక పూట పడుతుంది. రిటైరైన బ్యాంకు మేనేజరుగారి కథలన్నిటిలోనూ హీరో రిటైరైన బ్యాంకు మేనేజరే, ఆయన్ని లోకమంతా అపార్థం చేసుకుంటుంది. కాలేజీ అమ్మాయి కథల్లో మూడో పేజీకల్లా ఎవరో ఒకరు చచ్చిపోతారు. మీరు అనుభవించింది రాయండి మహాప్రభో అని ప్రతి వారం మొత్తుకుంటాను. చెప్పడానికేం, నోరు నాదేగా.

ఈసారి వాళ్ళకో ఆశ కూడా పుట్టించాను. కోర్సు చివర బాగున్న కథ ఒకటి మా పత్రిక ఆదివారం సంచికలో, రాసినవాళ్ళ పేరుతో అచ్చవుతుంది. ఎంపిక నాదే.

వెనక కుర్చీలో కూర్చునే టైలరమ్మ పది వారాలు నోరు విప్పలేదు. పదకొండో వారం నాలుగు కాగితాలు చేతిలో పెట్టింది. కథలో ఒక టైలరు కూతురు ఐదేళ్ళకే జ్వరంతో పోతుంది. తల్లి కొలతల పుస్తకంలో పిల్ల పేజీ మాత్రం చించదు. ఏటా పుట్టినరోజుకి, ఈపాటికి ఎంత పెరిగి ఉంటుందో ఊహించి కొత్త కొలతలు రాసి, ఒక గౌను కుట్టి బీరువాలో పెడుతుంది.

చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. నాకు బహుమతి తెచ్చిపెట్టిన కథ అది! నా క్లాసులో కూర్చుని నాదే కాజేస్తుందా? ఎర్ర పెన్ను తీసి అడుగున రాశాను, "ఇది నా కథకు కాపీ. సొంతంగా రాయండి" అని. అంతటితో కడుపు నిండక, తర్వాతి వారం అందరి ముందూ అదే మాట అన్నాను. ఈ రోజుల్లో నిజాయితీ ఎక్కడుందని మేనేజరుగారు వాపోయారు.

టైలరమ్మ లేచి నిలబడింది. ఏడుస్తుందేమోనని నా నీళ్ళ సీసా ఆవిడ వైపు జరిపాను. అంత దయగలదాన్ని.

"ఏడేళ్ళ కిందట మీరు మా షాపుకొచ్చారు మేడమ్. రెడీమేడ్ బట్టలొచ్చాక టైలర్లు ఎలా బతుకుతున్నారని అడిగారు. వెళ్ళేముందు బీరువా తెరిచి చూపించా. ఇది పేపర్లో పట్టదమ్మా అన్నారు."

కిటికీ పక్కన మిషను, బీరువాలో వరసగా వేలాడే గౌన్లు అన్నీ గుర్తొచ్చాయి. ఆవిడ మొహం మాత్రం అప్పటికీ గుర్తు రాలేదు. పేపర్లో పట్టనిదాన్ని ఇంటికి మోసుకొచ్చి కథ చేశాను. ఆ ఆలోచన ఎలా వచ్చిందని అడిగిన ప్రతివాళ్ళకీ, నా బుర్రలోంచే పుట్టిందని చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మాను.

క్లాసంతా నా వైపే చూస్తోంది. ఇద్దరికి ఒకే ఊహ రాకూడదా అని బుకాయించవచ్చు. అలాంటివి నాకు బాగానే వచ్చు. ఒప్పుకుంటే ఆ బహుమతీ, ఈ కుర్చీ రెండూ పోతాయి.

"మీ కథ నేనూ చదివా," అంది టైలరమ్మ. "చివర్లో తల్లి గౌన్లన్నీ అనాథ పిల్లలకి పంచేసి మనసు కుదుటపరుచుకుంటుంది. పన్నెండేళ్ళకే పిల్లని ఆపేశారు మీరు. మా పాపకిప్పుడు పంతొమ్మిది మేడమ్. మొన్ననే భుజం కొలత మార్చా."

ఆ ముగింపు దగ్గరే న్యాయనిర్ణేతలు కళ్ళు తుడుచుకున్నారట. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది.

"ఇది ఆవిడ కథే. నేనే ఎత్తుకొచ్చాను," అన్నాను.

మేనేజరుగారు మొహం తిప్పుకున్నారు. ఎర్ర సిరాతో రాసింది కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. పత్రికకు ఈ కథే వెళుతుందని, జరిగిందంతా దాని కింద నా పేరుతో రాస్తానని చెప్పాను. ఇంకా ఏమైనా రాయాలా అని అడిగాను.

ఆవిడ తన కాగితాల మీద వేలు పెట్టింది.

"మీ కథలో పిల్లకి ఏదో పేరు పెట్టారు. మా పాప పేరు ఆ రోజు మీరు అడగలేదు."

అడిగాను. చెప్పింది. రాసుకున్నాను.