మాస్టారు నింపిన ఆరు తూటాలు

ఎనిమిది నెలలుగా రిపేరక్క గొంతులో ఒక్క మాట ముల్లులా గుచ్చుకుని ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు. ఆ మాట "బిగుసుకుపోయాడు". ఆమె తమ్ముడు గోడౌను కాపలాలో ప్రాణం పోగొట్టుకున్నాక సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు రాసిన రిపోర్టులో చివరి వాక్యం అది. "గార్డు దుండగుడికి ఎదురుగా నాలుగు సెకన్లు రివాల్వర్ గురిపెట్టి నిలబడ్డాడు. ట్రిగ్గర్ నొక్కలేదు. భయంతో బిగుసుకుపోయాడు." కెమెరాలోనూ అంతే కనిపించింది. చేతులు చాచి నిలబడ్డ మనిషి, పేలని తుపాకీ, ఆ తర్వాత నేల మీద పడ్డ మనిషి.

రాసింది గురి మాస్టారు. గార్డులకు తుపాకీ పట్టడం నేర్పేది ఆయనే, తూటాలు ఇచ్చేది ఆయనే, ఏదైనా తేడా వస్తే తప్పెవరిదో తేల్చేదీ ఆయనే. ఇక ఆయన తప్పు ఎక్కడ తేలుతుంది?

కంపెనీ వెనక గదిలో అరవై రివాల్వర్లను బాగుచేసేది రిపేరక్క. ఆ పని తండ్రి నుంచి వచ్చింది. చేతిలో ఆకురాయి పట్టించక ముందే ఆయన ఒక సంగతి నేర్పాడు. తూటా అడుగున నడిమధ్య చిన్న బిళ్ళ ఉంటుంది. తుపాకీ సుత్తి కొట్టేది దాన్నే. ఆ బిళ్ళ అడుగుతో సమంగా కూర్చోవాలి. గోరు మందాన పైకి లేచినా రివాల్వర్ చక్రం తిరిగేటప్పుడు వెనక రేకుకు ఒరుసుకుని ఆగిపోతుంది. చక్రం ఆగితే ట్రిగ్గర్ కదలదు. "కంటితో చూస్తే తెలీదే తల్లీ, బొటనవేలితో తడమాలి. తడమకుండా ఒక్కటి పెట్టినా నా కూతురివి కావు" అనేవాడాయన.

గురి మాస్టారికీ ఈ సంగతి తెలుసు. తెలియకపోతే తిట్టుకుని ఊరుకోవచ్చు. తెలిసి కూడా తడమడం మానేశాడు, అదీ కడుపుమంట. పేల్చేసిన ఖాళీ తొడుగుల్లో మందు పోసి, కొత్త బిళ్ళలు కొట్టి, తన చేత్తో తూటాలు తయారు చేయడం ఆయనకు సరదా. బిళ్ళ చుట్టూ ఆకుపచ్చ రంగు ఒక సున్నాలా పూస్తాడు, అది ఆయన సంతకం. "కొన్న తూటా హోటలు భోజనం. నేను నింపింది ఇంటి భోజనం" అని మీసం దువ్వేవాడు. అవి సాధనకు మాత్రమే వాడాలని కంపెనీ రూలు. తన వంటకు ఏం తక్కువని ఆయన వాటినే కాపలా గార్డులకూ పంచాడు.

తమ్ముడు పోయిన మర్నాడే అతని పద్నాలుగో నంబరు రివాల్వర్ ఆమె బల్ల మీదికి వచ్చింది. అప్పటికే మాస్టారు చక్రం విప్పి, తూటాలు దులిపేసి, తుపాకీ భేషుగ్గా ఉందని రాసేశాడు. నిజమే, భేషుగ్గానే ఉంది. చక్రం వెనక రేకు మీద మాత్రం వంకీలా ఒక కొత్త గీత మెరుస్తోంది. ఏదో పైకి లేచినది గట్టిగా గీరితే పడే గీత. తుపాకీ నేల మీద పడ్డ దెబ్బకు ఆ పట్టు వదిలి ఉంటుంది.

వారానికి మరదలు వచ్చింది. "వదినా, ఆయన యూనిఫాం సంచిలో వేసి పంపారు. బెల్టుకు ఈ తోలు తిత్తి ఉంది. ఏం చెయ్యమంటావ్?"

తిత్తిలో తుపాకీలోవి కాక విడిగా ఉంచుకున్న ఆరు తూటాలు. ఆకుపచ్చ సున్నాలు. రిపేరక్క ఒక్కొక్కదాని అడుగు తడిమింది. నాలుగు నున్నగా ఉన్నాయి. రెండు బొటనవేలికి తగిలాయి.

ఆ పూటే మేనేజరు దగ్గరికి వెళ్ళింది. మాస్టారు అక్కడే ఉన్నాడు, నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందమ్మా. మీవాడు భయపడితే తుపాకీదా తప్పు? రివాల్వర్ ఇరుక్కోదు. ఇరుక్కునేది చెయ్యే." మేనేజరు కూడా, "అక్కా, రివాల్వర్ ఇరుక్కుందని నువ్వే అంటే ఎలా? అది ఎన్నడూ మొరాయించదని మాకు చెప్పిందే నువ్వు కదా" అన్నాడు. గోడకు చెప్పుకున్నట్టయింది. తిత్తి బయటికి తీయకుండానే తిరిగొచ్చింది.

అప్పటినుంచి పగే ఆమెకు తిండీ నిద్రా. పని తెలిసిన చేతికి ఒక తుపాకీని పాడుచేసి, పట్టుకున్నవాడి చేతిలోనే పగిలేలా చెయ్యడం పెద్ద పని కాదు. ఆలోచించలేదని అబద్ధం ఎందుకు, చాలా ఆలోచించింది. కానీ అలా చేస్తే ఏమవుతుంది? మాస్టారి ఫొటోకు పూలదండ పడుతుంది, మహానుభావుడంటారు. తమ్ముడు పిరికివాడిగానే మిగిలిపోతాడు. వద్దు. ఆ మనిషి బతకాలి. బతికి, పదిమంది ముందు తలెత్తుకోలేకుండా నిలబడాలి. దానికోసం ఎన్నాళ్ళైనా కాచుకుంటానని ఆ తిత్తిని సొరుగులో పెట్టి తాళం వేసింది.

కాలం తనే దారి చూపింది. పాత రివాల్వర్లు మార్చి ప్లాస్టిక్ ఒంటి కొత్త పిస్టళ్ళు కొందామా అని కంపెనీకి ఆలోచన వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి కాల్చి చూద్దామన్నారు. ఏర్పాట్లు రిపేరక్క చేయాలి. రివాల్వర్ తరఫున కాల్చేది, ఇంకెవరు, గురి మాస్టారే. ఆ రోజు మరదల్ని కూడా రమ్మంది.

"నేనొచ్చి ఏం చూడాలి వదినా?"

"నీ మొగుణ్ణి."

గురి సాధన చేసే షెడ్డులో మేనేజరు బల్ల పక్కన, గార్డులంతా గోడవారన నిలబడ్డారు. మరదల్ని చూసి కొందరు తల దించుకున్నారు. పిస్టళ్ళు అమ్మే అమ్మాయి ముందు కాల్చింది. అరచేతిలో బరువే లేనట్టున్న నల్ల పిస్టల్, పదిహేను తూటాలు, గుక్క తిప్పుకునేలోపు పది పేల్చేసింది. మధ్యలో కావాలనే ఒక ఉత్తుత్తి తూటా పెట్టించుకుంది. పిస్టల్ టక్కుమని ఆగింది. ఆమె దాని అడుగున అరచేత్తో ఒక్కటి చరిచి, పై తొడుగును వెనక్కి లాగి వదిలింది. పనికిరాని తూటా ఎగిరి పడింది. మిగిలినవి పేలాయి.

"చూశారుగా, ఆగింది!" అన్నాడు మాస్టారు. "ఇది పిల్లలకు కొనిపెట్టే బొమ్మ. దీనికి వెనక్కి లాగడాలు, చరచడాలు. రివాల్వర్ అంటే మాట మీద నిలబడే మనిషి. నొక్కు, పేలుతుంది. పేలలేదా, మళ్ళీ నొక్కు, పక్క తూటా పేలుతుంది. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో అది ఇరుక్కోవడం చూళ్ళేదు. ఇరుక్కున్నవి చేతులే." ఆ చివరి మాట మరదలి వైపు చూసి అన్నాడు. అంత అవసరమా? ఆయనకు అవసరమే మరి.

రిపేరక్క పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "పద్నాలుగో నంబరు, మాస్టారూ. తూటాలు మావాడి తిత్తిలోవి. మీరు నింపినవేనా, నేనేమైనా చేశానా, బాగా చూసుకోండి."

మాస్టారు నవ్వాడు. "మంచిదే. ఇవాళతో ఈ గొడవ వదిలిపోతుంది." కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో తూటా వెలుతురుకు పట్టి చూశాడు. "నా రంగే. ఎక్కడా చెక్కు చెదరలేదు. నా తూటాలే."

రిపేరక్క ఆయన బొటనవేలినే చూస్తోంది. చూశాడు గానీ తడమలేదు. ఒక్కసారి, ఒక్క వేలు అడుగు మీద పెడితే చాలు, బతికిపోతాడు. ఆమె అడ్డుకోదు. అది తనకు తాను పెట్టుకున్న షరతు. ఆయన ఆరూ చక్రంలో పెట్టాడు. వేలు మడిచే ఉంది. చక్రం మూసుకోవడానికి కాస్త మొరాయిస్తే అరచేత్తో అదిమాడు.

చేతులు చాచి గురిపెట్టాడు. నొక్కాడు.

ఏమీ కాలేదు. ట్రిగ్గర్ వెంట్రుకవాసి కదిలి, రాయిలా నిలబడిపోయింది.

"ఒకటి" అంది రిపేరక్క, పైకే.

మాస్టారు మళ్ళీ నొక్కాడు.

"రెండు."

ఎడమ చేతి వేలు కూడా కలిపి నొక్కాడు. మెడ నరాలు ఉబ్బాయి. దూరం నుంచి చూసేవాళ్ళకు మాత్రం ఆయన ఊరికే నిలబడ్డట్టే ఉంది.

"మూడు. నాలుగు." ఆమె ఆగింది. "మాస్టారు చచ్చిపోయారు. భయంతో బిగుసుకుపోయి."

ఆయన తుపాకీ వైపు చూశాడు. "ఈ తుపాకీలో ఏదో లోపం ఉంది!"

"ఆడలేక మద్దెల ఓడా, మాస్టారూ? భేషుగ్గా ఉందని మీరే కదా రాశారు."

ఆయన చేతి నుంచి రివాల్వర్ తీసుకుని, మొన లక్ష్యం వైపే ఉంచి, బల్ల మీద పెట్టింది. సన్నని సుత్తితో చక్రాన్ని తట్టి తట్టి విప్పింది. దానికే చాలాసేపు పట్టింది, అందరూ చూస్తూనే ఉన్నారు. బయటికొచ్చిన తూటాలను మేనేజరు అరచేతిలో పోసింది. "బొటనవేలితో తడిమి చూడండి సార్." మేనేజరు తడిమాడు. ఐదోది దగ్గర వేలు ఆగింది. పిస్టళ్ళ అమ్మాయి తడిమింది. గార్డులు ఒకరి తర్వాత ఒకరు తడిమారు. చివర మాస్టారి దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి చాపలేదు.

"మీ చక్కటి పిస్టల్ ఇరుక్కుంటే ఒక్క చరుపు చాలు" అంది రిపేరక్క ఆ అమ్మాయితో. "మా రివాల్వర్ ఇరుక్కోదు. ఇరుక్కుందంటే మాత్రం బల్ల కావాలి, సుత్తి కావాలి. మా తమ్ముడికి అవి రెండూ లేవు. సార్, మీరు పిస్టళ్ళే కొనండి." తండ్రి నేర్పిన పనికి తన నోటితోనే సమాధి కడుతున్నానని ఆమెకు తెలుసు. బాధ వేసింది కూడా. అయినా వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు మరదలు గోడ దగ్గరనుంచి కదిలింది. నెమ్మదిగా మాస్టారి ముందుకొచ్చి నిలబడింది.

"ట్రిగ్గర్ నొక్కారా మాస్టారూ?"

"నొక్కానమ్మా! ఒట్టు. చచ్చేంత గట్టిగా నొక్కాను."

"మాకు కనపడలేదే."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రిపేరక్కకు జాలి కలగాల్సిన సమయం అదే. కలగలేదు. ఎనిమిది నెలలు దాచుకున్న కోపం ఇంకా పూర్తిగా తీరలేదు.

పాత రిపోర్టు, పెన్నూ ఆయన ముందు పెట్టింది. "ఆ వాక్యం కొట్టేయండి. కింద మీ చేత్తోనే రాయండి."

ఆయన కొట్టేశాడు. రాశాడు: "రివాల్వర్ ఇరుక్కుంది. తూటాలు నేను నింపినవి. తడిమి చూడలేదు."

"ఇంకొకటి" అంది రిపేరక్క. "నాలుగు సెకన్లూ నొక్కుతూనే ఉన్నాడని రాయండి."

ఆయన తలెత్తి ఒకసారి చూశాడు. తర్వాత అదీ రాసి సంతకం పెట్టాడు. మరదలు ఆ కాగితం అందుకుని, గోడవారన ఉన్న గార్డులందరికీ వినపడేలా మొదటినుంచి చివరిదాకా చదివింది.