సెగ తెలియని వేళ్లు

నేను ఒక కుండను. నీళ్లకుండనేమో అనుకునేరు, అంత తేలిగ్గా తీసెయ్యకండి. నన్ను బోర్లించి, లోపల ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, నా వీపు మీద పూతరేకులు తీస్తారు. కుమ్మరి నన్ను కొట్టి కొట్టి నునుపు చేసి, ఆత్రేయపురం దగ్గర మంగాయమ్మకు అమ్మాడు.

మంగాయమ్మ మోకాళ్లు మొరాయించాక నా ముందు పీట కోడలు సత్యవేణికి దక్కింది. పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను నా మీద ఒక్క లాగు లాగాలి. తేలిన రేకును ఆ క్షణమే వేళ్లతో లేపాలి. మొదట్లో చురుక్కుమన్నప్పుడల్లా వేణి చెవితమ్మె పట్టుకునేది. పోనుపోను ఆ అలవాటు పోయింది. నా మీద వేళ్లు ఆనించి తీరిగ్గా కబుర్లు చెప్పేది. కోడలికి చెయ్యి తిరిగిందని మంగాయమ్మ వీధంతా టముకు వేసింది. ఈ పనిలో సెగకు జంకని చెయ్యే గొప్ప మరి. మనుషులు దేన్నైనా గొప్ప చేసుకోగలరు.

నాకు మాత్రం అనుమానమే. ఆ వేళ్లు రేకులను చింపేవి. బొబ్బ లేచినా, కంటితో చూస్తే తప్ప ఆమెకు తెలిసేది కాదు. కాలి చెప్పు జారిపోయినా అలాగే నడిచొచ్చేసేది.

ఒక బొబ్బ చీము పట్టాక రాజమండ్రి వెళ్లింది. తిరిగొచ్చి నా పక్కనే కూర్చుని అత్తకు చెప్పింది. డాక్టరమ్మ సూదితో గుచ్చితే తెలియలేదట. రక్తపరీక్షలో హెపటైటిస్ సి తేలిందట. ఏళ్ల తరబడి కాలేయంలో చడీచప్పుడు లేకుండా కూర్చున్న వైరస్ నరాలనూ దెబ్బతీసిందట. మాత్రలతో వైరస్ పోతుంది గానీ, నరాలు ఎంత కోలుకుంటాయో చెప్పలేమన్నారట.

"ఈ వేళ్లు ఇంతేనంటే నేనింకేం పని చేసుకోను అత్తయ్యా?"

"నీ చేతులు కాలిపోతా ఉంటే ఊరంతా గొప్పలు చెప్పుకున్నానే," అంది మంగాయమ్మ. ఆ రోజు నుంచి కుంటుకుంటూ తనే నా ముందు కూర్చుంది. వేణికి పిండి రుబ్బే పని అప్పగించింది.

మాత్రలయ్యాయి. వైరస్ పోయిందన్నారు. వేళ్లు మాత్రం మొద్దుగానే ఉన్నాయి. రోజూ వాటిని గిల్లి చూసుకుని వేణి దిగులుపడేది.

నెలలు గడిచాక ఒక ఉదయం అత్త ఇలా లేచి వెళ్లిందో లేదో, నా మీద రేకు మాడబోయింది. వేణి చెయ్యి చాపి, చటుక్కున వెనక్కి లాక్కుంది. ఆ విసురుకు మోచెయ్యి తగిలి నేను దొర్లిపడి ముక్కలయ్యాను.

మంగాయమ్మ ఆదరాబాదరా వచ్చి ఏమైందని అడిగింది.

"కాలింది అత్తయ్యా," అంది వేణి, కళ్లనీళ్లతో నవ్వుతూ.

అత్త ఆ వేలు పట్టుకుని ఊదుతూనే ఉంది, ఊదుతూనే ఏడ్చింది. తర్వాత నా పెంకులు ఏరి, పెరట్లో కరివేపమొక్క మొదట్లో పోసి, చేతులు జోడించింది.

"చల్లగా ఉండవే తల్లీ," అంది నాతో.

ఉన్నాను.