ఉతకకూడని చొక్కా

నెత్తుటి మరకకు వేడినీళ్లు తగలకూడదు. తగిలితే పట్టేస్తుంది. మరకల తాత పొద్దుటి నుంచి పదకొండు చొక్కాలు చన్నీళ్లలో జాడించి, పన్నెండోదాని గుండీలు విప్పుతున్నాడు. సినిమా నెత్తురంటే పంచదార పాకం, ఎర్రరంగు, కాస్త కాఫీపొడి. దాన్ని వదలగొట్టడంలో ఆయన్ను మించినవాడు లేడని దుస్తుల గదిలో అందరూ ఒప్పుకుంటారు. ముప్పై ఏళ్ల చాకిరీకి మిగిలింది ఆ పేరొక్కటే.

ఇప్పుడు తీస్తున్న సినిమా మూడు తరాల పగ. తాతను చంపినవాణ్ణి తండ్రి చంపుతాడు, తండ్రిని చంపినవాళ్ల మీదికి మనవడు బయల్దేరతాడు. ఇందులో చావనివాడు కథ రాసినాయన ఒక్కడేనని గదిలో వేళాకోళం. కథకు ఆయువుపట్టు ఒక తెల్లచొక్కా. తాత మెడ నరికినప్పుడు తడిసిన దాన్ని ఇంటి ఆడవాళ్లు ఉతక్కుండా దాచి, మనవడి దాకా అందిస్తారు. గరుకు కాగితంతో రుద్ది, టీనీళ్లలో ముంచి, కొత్త చొక్కాను అంత పాతదిగా చేసింది మరకల తాతే. మూడు రోజులు పట్టింది. చిన్నపెట్టెలో విడిగా దాచాడు.

ఆయన కోడలు ఇదే గదిలో పనిలో చేరి నాలుగు రోజులైంది. పని బాగుంటే ఖాయం చేస్తానని మేనేజరు మాటిచ్చాడు. ఆ మాట కోసం ముసలాయన ఎన్నిసార్లు చేతులు కట్టుకుని నిలబడ్డాడో ఆయనకే తెలియదు. మోకాళ్లు సహకరించడం మానేశాయి. తను కూలబడితే ఆ పిల్లకు దిక్కెవరన్న దిగులు ఆయన్ను తినేస్తోంది.

"మామయ్యా," అంది కోడలు గుమ్మంలోంచి. "చిన్నపెట్టెలోది కూడా ఉతికేశాను. మరక మొండిగా ఉందని బండకేసి బాదాను."

చొక్కా వీపు నిలువునా చీలిపోయింది. మరక మాత్రం చుక్క లేదు. ఏ మరకా మిగలకూడదని నేర్పింది తనే. ఇదొక్కటీ ఉతకకూడదని చెప్పడం మర్చిపోయిందీ తనే.

భోజనాలు కాగానే తీయాల్సింది, సినిమాలో మనవడు ఆ చొక్కాను పెట్టెలోంచి తీసే ఘట్టం. గదిలో ఉన్న తెల్లచొక్కాలన్నీ కొత్తవి.

ఆయన తన ఒంటిమీదికి చూసుకున్నాడు. తెల్లచొక్కా, కాలరు అరిగి పసుపెక్కింది. కొడుకుది. ఆ కొడుకు సినిమా ఫైట్లలో పై అంతస్తుల నుంచి దూకేవాడు. నాలుగేళ్ల కిందట పరుపు మీద పడాల్సినవాడు పక్కన పడ్డాడు. ఆస్పత్రివాళ్లిచ్చిన చొక్కాను ముసలాయన ఇంటికి రాగానే, ఏం చేస్తున్నాడో తెలియకుండానే, చన్నీళ్లలో పెట్టాడు. చుక్క మిగల్లేదు. కోడలు ఆనాడు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయనకు ఇప్పటికీ అనిపిస్తుంది.

చొక్కా విప్పి బల్లమీద పరిచాడు.

"వద్దు మామయ్యా. అదొద్దు."

"గంటే ఉందమ్మా. పాకం తే."

ముందు తీసిన షాటు ఫొటో పక్కన పెట్టుకున్నాడు గానీ దానివైపు చూడలేదు. కాలరు నుంచి ఎడమ భుజం మీదికి మరక ఎలా పాకాలో ఆ చేతికి తెలుసు. కోడలు మొహం తిప్పుకుంది.

మేనేజరు వచ్చి చీలిన చొక్కా చూశాడు. "ఎవరు ఉతికారు దీన్ని?"

"నేనే బాబూ. చూపు ఆనట్లేదు."

"మరి ఇది?"

"మా కోడలు చేసింది."

మేనేజరు బల్లమీది మరకను ఫొటోతో పోల్చి చూశాడు. "అచ్చు అలాగే ఉందే. అమ్మాయి ఉంటుందిలే. నువ్వు మాత్రం రేపట్నుంచి రాకు తాతా."

కోడలు నోరు తెరవబోయింది. ముసలాయన చూసిన చూపుకు ఆగిపోయింది. ఆయన బనీను మీద తువ్వాలు కప్పుకుని గేటు దాటాడు. చొక్కా ఏదని కాపలావాడు నవ్వాడు. "నటించడానికి వెళ్లింది," అన్నాడు ఆయన. మలుపు తిరిగాక గోడకు చెయ్యి ఆనించి, చాలాసేపు ఏడ్చాడు.

సాయంత్రం షాటు ముగిసి చొక్కా కోడలి చేతికొచ్చింది. తక్కినవాటితో పాటు నీళ్లతొట్టి దాకా తెచ్చి, ఆగింది. దాన్ని మామయ్య తువ్వాలు తగిలించుకునే మేకుకు వేసి, గుండీకి ఒక చీటీ గుచ్చింది: ఉతకకూడదు. చొక్కా కాలరు దగ్గర పాకం ఆరి, మరక మెల్లగా నల్లబడుతోంది.